ఏసీ వేసినా ఉక్కపోత తగ్గకపోతే: గదిలో తేమను అదుపులో పెట్టే పద్ధతి

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు ఇళ్లలో ఆగస్టు, సెప్టెంబరు రాత్రుళ్లు ఇది మామూలే. ఏసీ 20లో నడుస్తూనే ఉంటుంది, చేతులు చల్లబడతాయి, అయినా మెడ కింద జిడ్డు పోదు. దుప్పటి పట్టుకుంటే చెమ్మగా తగులుతుంది. వంటింట్లో ఉప్పు గడ్డ కడుతుంది, బీరువాలో తోలు బెల్టు మీద తెల్లగా బూజు లేస్తుంది. అప్పుడు చాలామంది చేసేది రిమోట్ తీసుకుని 18కి దించడం. ఒళ్లు వణుకుతుంది, బిల్లు పెరుగుతుంది, చెమ్మ మాత్రం అలాగే ఉంటుంది.

చల్లటి గాలి తక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. 27 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గదిని, అందులోని నీటిని బయటికి పంపకుండా 22 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ 80 శాతానికి చేరుతుంది. నీరు అంతే ఉంది, గాలి చల్లబడిందంతే. ఏసీలో ఉన్న సెన్సర్ ఉష్ణోగ్రతనే చూస్తుంది, తేమ సంగతి చాలా ఏసీలకు తెలియదు. గాలిని చల్లబరిచే పనిలో పనిగా కొంత నీటిని కాయిల్ (లోపలి యూనిట్‌లో చల్లబడే లోహపు గొట్టాలు, రెక్కలు) మీద పట్టి డ్రెయిన్ పైపులోంచి బయటికి వదులుతాయి. ఆ నీరు ఎంత ఎక్కువ పోతే ఉక్కపోత అంత తగ్గుతుంది. కింద చెప్పేదంతా ఆ నీటి గురించే.

ముందు కొలవాలి

గాలిలో తేమను చూపించే డిజిటల్ హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒకటి కాదు, రెండు కొనండి: ఒకటి పడకగదికి, ఒకటి హాలుకు. చవక మీటర్లు 5 శాతం అటూ ఇటూ చూపించడం మామూలే, అందుకే ముందు ఉప్పు పరీక్ష చేయాలి. సీసా మూతలో ఒక చెంచా మామూలు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటి చుక్కలు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి అది 75 చూపాలి. 80 చూపిస్తే ఆ మీటర్ లెక్కలోంచి ఎప్పుడూ 5 తీసేసి చదువుకోండి.

మీటర్‌ను మంచం ఎత్తున, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టాలి. పడుకునే ముందు, తెల్లవారుజామున మెలకువ వస్తే ఒకసారి, లేచాక ఒకసారి అంకె రాసుకోండి. 50 నుంచి 60 మధ్య ఉంటే మంచిది. గంటల తరబడి 70 పైన ఉంటే బట్టలకు, గోడలకు బూజు పట్టడం మొదలవుతుంది. రాత్రి పదికి 56 ఉండి తెల్లవారుజాము నాలుగుకు 70 అయితే ఏసీ సెట్టింగుల్లో లోపం ఉందని అర్థం. సాయంత్రం నుంచీ 70 దిగకపోతే గాలి ఎక్కడినుంచో లోపలికి వస్తోందని అర్థం. ఈ రెంటికీ మందు వేరు.

బయటి గాలి లోపలికి రాకుండా

పది అడుగుల ఎత్తున్న పది బై పన్నెండు గదిలో దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. బయట 33 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే ఒక్కో ఘనపు మీటరులో సుమారు 25 గ్రాముల నీరు ఉంటుంది. లోపల 25 డిగ్రీలు, 55 శాతం కావాలంటే ఉండాల్సింది 13 గ్రాముల లోపే. అంటే గదిలో గాలి ఒక్కసారి పూర్తిగా మారితే 400 గ్రాములకు పైగా నీరు లోపలికి వచ్చినట్టు. సందులున్న గదిలో ఇది గంటకోసారి జరిగినా రోజుకు పది లీటర్లు. ఎంత ఖరీదైన ఏసీ అయినా ముందు ఈ నీటితోనే కుస్తీ పట్టాలి.

సందులు పట్టుకోవడానికి అగరుబత్తి చాలు. ఏసీ, సీలింగ్ ఫ్యాన్ ఆపి, కిటికీలూ తలుపులూ మూసి, బాత్రూం తలుపు తెరిచి అందులోని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. వెలిగించిన అగరుబత్తిని కిటికీ అంచుల వెంట, తలుపు కింద, స్విచ్ బోర్డుల దగ్గర మెల్లగా తిప్పండి. పొగ నిటారుగా లేవకుండా ఎక్కడ గదిలోపలికి వంగితే అక్కడ గాలి దూరుతోంది.

ఎక్కువ ఇళ్లలో దొరికే చోట్లు ఇవి. పాత ఇళ్లలో కిటికీల పైన ఉండే వెంటిలేటర్లు: వీటికి అద్దం గానీ యాక్రిలిక్ షీటు గానీ వేసి సిలికాన్ పెట్టించాలి. పక్కకు జరిపే అల్యూమినియం కిటికీలు: వాటి బ్రష్ పట్టీ రెండు మూడేళ్లకే అరిగిపోతుంది, మీటరు లెక్కన హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, మార్చడం పది నిమిషాల పని. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ.

అందరూ మరిచిపోయే చోటు ఇంకొకటి ఉంది. ఏసీ ఇండోర్ యూనిట్ వెనక రాగి పైపులు, డ్రెయిన్ పైపు బయటికి వెళ్లడానికి గోడకు పెద్ద కన్నం కొడతారు. బిగించే కుర్రాళ్లు చాలాసార్లు దాన్ని పూడ్చకుండా ప్లాస్టిక్ మూత అతికించి వెళ్లిపోతారు. ఆ కన్నంలోంచి వచ్చే ఉప్పుగాలి యూనిట్ వెనక చల్లటి ప్లాస్టిక్‌కు తగిలి నీరవుతుంది. డ్రెయిన్ పైపు బాగానే ఉన్నా యూనిట్ కింద గోడ మీద గోధుమరంగు చారలు పడుతుంటే ముందు ఇదే చూడండి. బయటివైపు నుంచి పుట్టీ గానీ పీయూ ఫోమ్ గానీ పెట్టి మూసేయాలి. రాగి పైపుల మీది నల్ల ఇన్సులేషన్ ఎండకు పగిలి ఉంటే అదీ మార్పించండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూం వెంటిలేటర్ ఎప్పుడూ మూయకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. పడకగదిని కూడా సీసా మూత బిగించినట్టు బిగించాల్సిన పని లేదు. బయటి గోడల సందులు మూస్తే చాలు, హాలువైపు తలుపును అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండండి.

బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్నానం అయ్యాక 15 నుంచి 20 నిమిషాలు నడిస్తే సరిపోతుంది. రాత్రంతా వేసి ఉంచితే అది గదిలోని పొడి గాలిని బయటికి లాగేస్తుంది, దాని స్థానంలో సముద్రపు గాలి సందుల్లోంచి వస్తుంది. ఇక ఏసీ గదిలో బట్టలు ఆరేయడం పూర్తిగా మానేయాలి. వాషింగ్ మెషీన్‌లో పిండిన ఒక వాయి బట్టల్లో ఇంకా రెండు మూడు లీటర్ల నీరు ఉంటుంది.

రిమోట్‌లో ఏం పెట్టాలి

2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్‌తో వచ్చే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. కోస్తాలో 24 లేదా 25 సరైన అంకే. అయితే దానికన్నా ముఖ్యమైన బటన్ ఫ్యాన్ వేగానిది.

ఫ్యాన్ వేగంగా తిరిగితే గాలి కాయిల్ మీంచి పరుగెత్తుతుంది, కాయిల్ అంత చల్లగా ఉండదు, నీరు తక్కువ పడుతుంది. ఫ్యాన్ లోలో ఉంటే గాలి నెమ్మదిగా సాగుతుంది, కాయిల్ బాగా చల్లబడి ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. కాబట్టి గది చల్లబడేదాకా మొదటి అరగంట హై, ఆ తర్వాత లో. గాలి తగలడానికి సీలింగ్ ఫ్యాన్‌ను ఒకటి రెండు నంబర్ల మీద ఉంచుకోండి.

ఇన్వర్టర్ ఏసీలతో చిక్కు అర్ధరాత్రి మొదలవుతుంది. సెట్ చేసిన ఉష్ణోగ్రత రాగానే కంప్రెసర్ వేగం తగ్గుతుంది. కరెంటు ఆదాకి అది మంచిదే, కానీ కాయిల్ వెచ్చబడి గాలిలోని ఆవిరి నీరయ్యేంత చల్లగా ఉండదు. తెల్లవారుజామున తేమ 70కి ఎక్కేది ఇందువల్లే. ఆ వేళల్లో డ్రై మోడ్ పనికొస్తుంది. అందులో ఫ్యాన్ నెమ్మదిగా ఉంచి, కంప్రెసర్‌ను ఆపుతూ వేస్తూ నీటిని తీయడం మీదే యంత్రం దృష్టి పెడుతుంది. వానలు పడుతూ బయట 26 నుంచి 30 డిగ్రీలున్న రోజులకు డ్రై మోడ్ సరిపోతుంది. మే నెల మధ్యాహ్నం వేస్తే గది చల్లబడదు, ఏసీ పాడైందనుకుంటారు. అన్ని కంపెనీల డ్రై మోడ్‌లూ ఒకేలా పనిచేయవు కాబట్టి ఒక రాత్రి కూల్ మోడ్‌లో ఫ్యాన్ లోలో, మరో రాత్రి డ్రైలో పెట్టి నాలుగింటికి మీటర్ చూడండి. మీ గదికి ఏది మంచిదో అదే చెబుతుంది.

ఇన్వర్టర్ కాని పాత తరహా ఏసీల్లో కంప్రెసర్ ఆగాక కూడా లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు కాయిల్ రెక్కల మీద, కింది ట్రేలో నిలిచిన నీటి మీంచి గాలి వీచి, కష్టపడి తీసిన నీటిని మళ్లీ గదిలోకి వదులుతుంది. కంప్రెసర్ ఆగిన రెండు నిమిషాలకు ముక్కుకు తగిలే మగ్గిన వాసన దాని గుర్తే. గదికి మించిన ఏసీ పెట్టిన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. 110 చదరపు అడుగుల గదికి ఒకటిన్నర టన్ను పెడితే ఎనిమిది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, కాయిల్ మీద నీరు డ్రెయిన్‌కు చేరేంత సమయం కూడా ఉండదు. మధ్య అంతస్తులో 120 చదరపు అడుగుల వరకు టన్ను చాలు, 180 వరకు ఒకటిన్నర. పైకప్పుకు నేరుగా ఎండ తగిలే పై అంతస్తు అయితేనే ఒక మెట్టు పైకి వెళ్లండి. "పెద్దది తీసుకుంటే త్వరగా చల్లబడుతుంది కదా" అని షాపులో చెప్పే మాట కోస్తాలో నష్టం తెస్తుంది.

బకెట్ పరీక్ష

డ్రెయిన్ పైపు చివర ఒక బకెట్ పెట్టండి. ఏసీ మొదలై అరగంట గడిచాక, సరిగ్గా ఒక గంట నీరు పట్టి కొలవండి. వానాకాలపు సాయంత్రం కోస్తాలో ఒకటిన్నర టన్ను ఏసీ గట్టిగా నడుస్తున్నప్పుడు గంటకు ఒక లీటరు నుంచి రెండు లీటర్ల దాకా రావాలి. పావు లీటరు కూడా రాకపోతే, మీటర్ మాత్రం 70 చూపిస్తుంటే, యంత్రంలో లోపం ఉంది.

మొదట ఫిల్టర్. పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టాలి. తర్వాత కాయిల్: టార్చి వేసి చూస్తే రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము పొరలా కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే నీటి ప్రెషర్‌తో చేసే జెట్ సర్వీస్ అవసరం. కోస్తాలో వేసవికి ముందు ఒకసారి, వానాకాలం మధ్యలో ఒకసారి చేయించడం మంచిది.

కాయిల్ మీద ఒక మూల మంచు కట్టి, మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గి ఉండే అవకాశం ఎక్కువ. ఏసీని ఫ్యాన్ మోడ్‌లో గంట రెండు గంటలు నడిపి మంచు కరగనివ్వండి, స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు. మెకానిక్ వచ్చి "గ్యాస్ టాప్ అప్ చేస్తా" అంటే ఒప్పుకోకండి. గ్యాస్ దానంతట అది తరిగిపోదు, ఎక్కడో లీక్ ఉంటేనే తగ్గుతుంది. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి పైపులు బిగించే నట్ల చుట్టూ నూనె మరక ఉందేమో చూడమనండి, సబ్బు నురగ రాసి బుడగలు చూడమనండి. లీక్ సరిచేసి, వాక్యూమ్ పంపుతో పైపుల్లో గాలి తీసేసి, ఔట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద రాసిన గ్రాముల ప్రకారం కాటా మీద తూచి గ్యాస్ ఎక్కించాలి. ఆర్-32 గ్యాస్ అయితే అది మండే గుణం ఉన్నది, ఆ పని జరుగుతున్నప్పుడు దగ్గర్లో దీపం, సిగరెట్ ఉండకూడదు.

నీరు బాగా పడుతున్నా పైపులోంచి రాకుండా గదిలో కారుతుంటే డ్రెయిన్ సమస్య. పైపు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున కిందికి వాలాలి, మధ్యలో ఎక్కడా పొట్టలా వేలాడకూడదు. దాని కొస బకెట్ నీళ్లలో మునిగి ఉంటే గాలి అడ్డుపడి నీరు వెనక్కి తన్నుతుంది. లోపల జిగురులా పాచి పడితే బయటి కొసకు తడి దుమ్మును లాగే వాక్యూమ్ క్లీనర్ పెట్టి రెండు నిమిషాలు లాగితే వచ్చేస్తుంది.

ఆ బకెట్ నీరు గది తుడవడానికి, టాయిలెట్‌లో పోయడానికి బాగుంటుంది. డిస్టిల్డ్ వాటర్ అనుకుని కరెంటు పోతే వాడుకునే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది కాయిల్ మీది దుమ్మును, లోహాల అవశేషాలను కడుక్కుని వచ్చిన నీరు. బ్యాటరీ పాడవుతుంది, తాగడానికి అసలే పనికిరాదు.

గోడ అవతలివైపు

ఏసీ గదిలో అంతా బాగానే ఉండి, పక్క గదిలో బీరువా వెనక గోడకు నల్ల మచ్చలు పడతాయి. కోస్తాలో వానాకాలపు గాలి 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా దాని మీద నీరు వదులుతుంది. రాత్రంతా 20లో ఉన్న గది గోడ అవతలివైపు కూడా చల్లబడుతుంది. ఏసీ లేని గదిలోని గాలి ఆ గోడకూ బీరువాకూ మధ్య ఇరుక్కుని, అక్కడే చెమర్చి, ఎండకా గాలికా నోచుకోక బూజు పడుతుంది. బీరువా తలుపు తీస్తే పట్టుచీరల మడతల మీద చుక్కలు. బీరువాను గోడకు నాలుగు అంగుళాలు జరపండి, ఏసీని 25కి పెంచండి. ఈ రెండు పనులతోనే చాలా ఇళ్లలో అది ఆగిపోతుంది. బీరువా లోపల తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెట్టుకోవచ్చు. అవి మూసిన అరలకే పనికొస్తాయి, గదికి కాదు. నీరు నిండిన డబ్బా బట్టల మీద ఒలికితే మరక పోదు, కింది అరలో పెట్టండి.

ఉదయం ఏసీ ఆపగానే కిటికీలు బార్లా తెరిచే అలవాటు కూడా మార్చుకోవాలి. చల్లబడిన టైల్స్, అద్దం, ల్యాప్‌టాప్ మీద ఒక్క నిమిషంలో మంచులా తడి పడుతుంది. ముందు హాలు తలుపు తెరిచి సీలింగ్ ఫ్యాన్ వేసి అరగంట ఆగండి. ఏసీలో ఆటో క్లీన్ ఉంటే ఈ సమయంలోనే వేయండి. అది కాయిల్‌ను ఆరబెడుతూ ఆ తేమను గదిలోకే వదులుతుంది కాబట్టి పడుకునే ముందు వేయకూడదు.

ఏసీ లేని స్టోర్ రూమ్‌కు, పుస్తకాల గదికి గాలిలోని తేమను లాగే డీహ్యుమిడిఫైయర్ మంచిది. కానీ అది గదిని వెచ్చబరుస్తుంది: తను తినే కరెంటుతో పాటు, ఆవిరి నీరైనప్పుడు విడిచే వేడిని కూడా గదిలోనే వదులుతుంది. పడకగదిలో ఏసీతో కలిపి వాడితే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

కూలర్ ఉన్న ఇళ్లు

కూలర్ నీటిని తీయదు, కలుపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్, కర్నూలు, రామగుండంలో బయట 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే మంచి ప్యాడ్లున్న కూలర్ సుమారు 26 డిగ్రీల గాలినిస్తుంది. విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం ఉన్నరోజు అదే కూలర్ 31 దాటి దించలేదు, పైగా ఆ గాలి తడిసి ముద్దగా ఉంటుంది.

కూలర్ వీపు తెరిచిన కిటికీలో, బయటివైపుకు ఉండాలి. ఎదురుగా ఇంకో కిటికీ తెరవాలి, 1000 సీఎఫ్ఎంకి (కూలర్ నిమిషానికి వదిలే గాలి, ఘనపు అడుగుల్లో) ఒకటి రెండు చదరపు అడుగుల చొప్పున. మూసిన హాల్లో పెడితే తన తడిగాలినే తిప్పి తిప్పి పీలుస్తుంది, గంటలో ఉక్కపోత మొదలవుతుంది. తొలకరి పడ్డాక పంపు ఆపి ఫ్యాన్ మాత్రమే వాడండి. వారానికోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా పట్టేది దాదాపు వారం పది రోజులే. బోరు నీళ్లయితే హనీకోంబ్ ప్యాడ్ మీద తెల్ల పొర కట్టి గాలి ఆడదు, నీరు తరచూ మార్చడమే దానికి విరుగుడు.

చలిదేశాల్లో ఉన్నవాళ్లకు

న్యూజెర్సీ, షికాగో ఇళ్లలో చలికాలపు కష్టం దీనికి తలకిందులు. బయట మైనస్ 5 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిని, ఇంటిని వెచ్చబరిచే యంత్రమైన ఫర్నేస్ 21 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 14 శాతానికి పడిపోతుంది. పెదవులు పగులుతాయి, పిల్లలకు ముక్కులోంచి రక్తం వస్తుంది, చెక్క నేల పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. ఫర్నేస్‌కు బిగించే, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్‌ను బయటి చలిని బట్టి తిప్పుకోవాలి: బయట మైనస్ 7 అయితే 35 శాతం, మైనస్ 12 అయితే 30, మైనస్ 18 అయితే 25, మైనస్ 23 అయితే 20. అంతకు మించితే కిటికీ అద్దాల కింది అంచున నీరు కట్టి చెక్క ఫ్రేము కుళ్లుతుంది. పప్పు, సాంబారు ఉడికే వంటిల్లు ఉన్న ఇంట్లో, పొయ్యి పైన హుడ్ గాలిని బయటికి పంపకుండా వంటింట్లోకే వదిలే రకం అయితే, ఇంకా 5 తగ్గించి పెట్టుకోండి.

నీటిని సన్నటి తుంపరగా వదిలే అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫైయర్‌లో కుళాయి నీరు పోస్తే అందులోని ఖనిజాలు తెల్లపొడిగా టీవీ మీద, బల్లల మీద పేరుకుంటాయి. డిస్టిల్డ్ వాటరే వాడాలి. ఫర్నేస్ హ్యుమిడిఫైయర్ ప్యాడ్‌ను ఏటా చలికాలం మొదట్లో మార్చాలి. గాలిలో కొంతను పక్క గొట్టంలోంచి మళ్లించే బైపాస్ రకానికి డక్టు (గాలి గొట్టం) మీద చిన్న డ్యాంపర్ పిడి, అంటే ఆ దారిని మూసే పిడి, ఉంటుంది. మే నెలలో ఏసీ మొదలుపెట్టే ముందు దాన్ని సమ్మర్ వైపు తిప్పి, నీటి వాల్వ్ కట్టేయండి. మరిచిపోతే వేసవంతా ఏసీ చల్లబరిచిన గాలిలో కొంత గదులకు చేరకుండా ఆ బైపాస్‌లోంచి వెనక్కి తిరుగుతుంది.